ఒక్కపొద్దు మీట

బుధవారం చేయవలసిన పనులు:

1. వాయుగుండం కాబట్టి జనరేటరులో డీజిలు చూడాలి.
2. పాత చేతిపట్టీలు పదకొండు స్పిరిట్‌తో తుడిచి ఛార్జింగులో పెట్టాలి.
3. డైరెక్టరు గారికి నెల గ్రాఫులు. రంగుల్లో.
4. నాన్నకి కంటి చుక్కల మందు.
5. ఒక్కపొద్దు మీటల జాబితా చూసి ఆమోదించాలి. ఈరోజు ఆరుగురు. (హైమవతికి పద్నాలుగో రోజు.)
6. సుగుణ మేడమ్‌తో హైమ అడిగిన మూడు సంగతులు మాట్లాడాలి. మూడోవారం ఇది. మర్చిపోకూడదు.
7. హైమకి ఫోన్. స్కూటరు మీద ఒంటరిగా గేటు దాకా వెళ్లొచ్చానని చెప్పాలి.

ఐదో పని పొద్దున తొమ్మిదింటికే అయిపోయింది. గ్రాఫులకు సాయంత్రమైంది. ఆరు, ఏడు గురువారం పేజీలోకి మార్చి రాసుకున్నాను.

నా పేరు అంకమ్మ. మా నాన్న వేటపాలెంలో గుంటమగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. పెద్దవాళ్లు ఏం చెప్పినా రాసుకుని, చేసి, పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. ఆ అలవాటుతోనే చదువు గట్టెక్కింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ అలవాటుతో జరిగిందే.

బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో మా పరిశోధన కేంద్రం. అక్కడ పరికరాలు చూసుకోవడం నా పని. తిండి మానేసే జబ్బు ఉన్నవాళ్ల కోసం అక్కడ ఒక పరికరం తయారు చేశారు. దాని పేరు పిలుపు. చింతగింజంత ఉంటుంది. ఎడమ పక్కటెముకల కింద చర్మంలో అమరుస్తారు. కడుపు నుంచి మెదడుకు పోయే నరంలో ఆకలి కబురు నడుస్తుంటుంది. పిలుపు ఆ కబురును విని, రెండింతలో మూడింతలో చేసి పైకి పంపుతుంది. చేతికి కట్టిన పట్టీ మీద ఆకుపచ్చ గీత ఒకటి లేస్తూ దిగుతూ ఆ కబురు ఎంత గట్టిగా ఉందో చూపిస్తుంది. ఈ జబ్బున్నవాళ్లకు ఆకలి వినపడదు, వినపడేలా చేస్తే తింటారు. మా కేంద్రం మొత్తం ఆ ఒక్క మాట మీద కట్టింది.

సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి ముందు నాకు పెట్టారు. మూడు రోజులు. మొదటిరోజు ఇంటికి వెళ్లి గోంగూర పచ్చడితో మూడుసార్లు తిని, నాలుగోసారి కంచం ముందు పెట్టుకున్నాను.

"ఏందే, ఆ ఆఫీసులో మెతుకు పెట్టరా ఏంది?" అంది అమ్మ.

"తిననీయ్‌వే. ఒంట్లో మిషను పెట్టించుకొచ్చింది పిల్ల," అన్నాడు నాన్న మగ్గం గుంటలోంచి లేవకుండానే. "మన మగ్గానికి నూనె పెట్టమా? అట్టాగే అదీనూ."

నవ్వుకున్నాం. రెండోరోజుకు నాకు నవ్వు రాలేదు. కూర్చుంటే ఆకలి, పడుకుంటే ఆకలి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాటలకు అడ్డంగా ఆకలి. మూడోరోజు పిలుపు తీసేసినప్పుడు బల్ల మీదే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నా రిపోర్టులో "కొద్దిపాటి అసౌకర్యం" అని రాయమన్నారు. రాశాను.

హైమవతికి దాన్ని నాలుగు నెలలు ఉంచాం.

ఆ పిల్లకు పంతొమ్మిదేళ్లు. బీఎస్సీ రెండో ఏడు చదువు మధ్యలో ఆగింది. వాళ్లమ్మ నాగరత్నం గారు వెంటబెట్టుకొచ్చారు. మా దగ్గర తూకం మిషను వరండాలో, రోగుల బెంచీకి ఎదురుగా ఉండేది. ప్రభావతి సిస్టరు ఎక్కమంది. చూసి, రాసుకునే నాకు వినపడాలని కిలోల లెక్క గట్టిగా చదివింది. ఆ అంకె నేనిక్కడ రాయను. మా రిజిస్టర్లలో అది చాలాచోట్ల ఉంది, ఆ పిల్ల గురించి ఇంకేమీ లేదు.

"కూలోళ్ల పిల్లలు గంజినీళ్లకి ఏడుస్తంటే, ఉండీ తినకపోవటం ఏం రోగమమ్మా?" అంది సిస్టరు.

"సిస్టరుగారూ, మైకు లేదా?" అంది హైమవతి. "బస్టాండు కాడోళ్లకి ఇనపళ్లా."

బెంచీ మీదవాళ్లంతా నవ్వారు. తనూ నవ్వింది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

లోపల డాక్టర్ మేరీ సుగుణ అడుగుతుంటే నాగరత్నం గారు వివరాలు చెప్పారు, నేను రాసుకున్నాను. "మా పిల్ల మొదట్నించీ భక్తిగలది మేడమ్. పదోతరగతిలో శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. మా ఈధిలో అందరూ ముక్కు మీద ఏలేసుకునేవాళ్లు, ఈ వయసులో ఈ నిష్ఠేందని. తర్వాత సోమవారమూ అంది. ఇంటికి మంచిదేలే అనుకున్నాం. జబ్బని మాకెట్టా తెలుస్తది? పోయినేడు ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోతే, ఇంకా అంత పరిస్థితి రాలేదమ్మా, ఇంకా తగ్గితే అప్పుడు తీసుకురండి, మంచం ఇస్తాం అన్నారు."

హైమవతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంటే ఇంకా కష్టపడాలన్నమాట అనుకున్నా," అంది.

సుగుణ మేడమ్ కలం ఆపి ఆ పిల్ల వైపు చూసింది. ఏదో అడగబోయింది. బయట ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. అడగలేదు.

పిలుపు అమర్చిన రోజు ఒక సంగతి జరిగింది. కబురును పెంచే మీట ఇంకా నొక్కనేలేదు, హైమవతి పట్టీ మీద ఆకుపచ్చ గీత అప్పటికే పై అంచును తాకుతోంది. నాకు పెట్టినప్పుడు మూడింతలు చేశాక కూడా గీత అంత పైకి పోలేదు. వైరు తీసి పెట్టాను. పట్టీ మార్చాను. అదే గీత. పరుగున డైరెక్టరు సుదర్శనం గారి గదికి వెళ్లి చెప్పాను.

"తినని పిల్లకి అంత ఆకలి ఎలా ఉంటుందమ్మా?" అన్నారాయన నిదానంగా. ఆయన ఎప్పుడూ కసురుకునే మనిషి కాదు. "సెన్సారు తప్పు చూపిస్తోంది. గీత ఎక్కడ మొదలవ్వాలో ఆ సున్నా సరిచేసుకో."

సరిచేశాను. గీత మధ్యకు దిగింది. ఆ తర్వాత పెంచే మీట నొక్కాను. హైమవతి రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, "అమ్మా," అంది. అంతే. టిక్కు పెట్టుకున్నాను.

మొదటివారం ఆ పిల్ల తిన్నది. ముద్ద ముద్దకూ ఏడుస్తూ తిన్నది. చుట్టూ సిస్టర్లు, ఆయాలు, వాళ్లమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు నిలబడి, ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద అంటున్నారు. అప్పుడు తీసిన ఫోటో మా కేంద్రం గోడ మీద ఉండేది. కంచం స్పష్టంగా పడింది, ముఖం పడలేదు. నాగరత్నం గారు వార్డంతా అరిసెలు పంచారు. నెలకు ఇంటికి పంపేటప్పుడు ప్రభావతి సిస్టరు నిజంగా ప్రేమతోనే బుగ్గ పట్టుకుని, "అబ్బో, ఒళ్లు చేశావే! బుగ్గలొచ్చినయ్!" అంది. ఆ మాట పడగానే హైమవతి ముఖంలో దీపం ఆర్పినట్టయింది. నేను చూశాను. అది రాయడానికి నా ఫారంలో గడి లేదు.

ఇప్పుడు ఒక్కపొద్దు మీట సంగతి చెప్పాలి.

ప్రయోగం మొదలవకముందు ఒక సమావేశంలో ఎవరో అడిగారు. ఉపవాసం రోజున కూడా ఇది ఆకలిని పెంచితే జనం ఊరుకుంటారా అని. అందరూ ఆలోచనలో పడ్డారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. శనివారాలు కండెలు చుడుతూనే, రాత్రి దాకా ఉత్త మంచినీళ్లతో ఉంటుంది. చెయ్యి ఎత్తి చెప్పాను. పట్టీకి ఒక మీట పెడదాం సార్, అది నొక్కితే ఆ రోజుకు పిలుపు కబురును పెంచదు, ఉన్నదాన్ని కూడా తగ్గించి పంపుతుంది, ఉపవాసం చేసేవాళ్లకు బాధ ఉండదు అని. మతాల జోలికి పోనక్కర్లేదని సుదర్శనం గారు చాలా సంతోషించారు. "ఈస్టరు ముందు మా శ్రమదినాల ఉపవాసాలకు కూడా పనికొస్తుంది అంకమ్మా," అంది సుగుణ మేడమ్. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పరికరంలో నాదంటూ ఉన్నది అదొక్కటే. ఒక్కపొద్దు మీట అని పేరు కూడా నేనే పెట్టాను. నాన్న ఆ మాట మగ్గాలవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

శ్రద్ధగా చేశాను. పూజ మధ్యలో పట్టీ గంట మోగితే బాగుండదని, మీట నొక్కగానే గంటలన్నీ ఆగిపోయేట్టు రాశాను. ఆకలి గంట, ఛార్జింగు గంట, ఒంట్లో ఉప్పులు పడిపోయి గుండె లయ తప్పితే మోగే గంట. అన్నీ. ఒక్కపొద్దులో ఉన్న మనిషిని తూకం ఎక్కించడం బాగుండదని ఆ రోజుల్లో తూకం వద్దని కూడా పెట్టాను. తప్పుగా వాడకుండా, ప్రతిరోజూ ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఒప్పుకోవాలి, ఆపైన కేంద్రంలో నేను ఆమోదించాలి. రెండు సంతకాలు. ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది?

హైమవతి మొదట శనివారం అడిగింది. వాళ్లమ్మ ఒప్పుకుంది, నేను ఒప్పుకున్నాను. తర్వాత సోమవారం. తర్వాత ఏకాదశులు. గురువారం బాబాకని. మా తూకం రోజు శనివారమే కాబట్టి ఆ పిల్లను తూచడం ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఎవరూ చూసుకోలేదు. నాకు ప్రతి పొద్దున తెర మీద పేరు వచ్చేది, పక్కన వాళ్లమ్మ ఆమోదం వచ్చేది. భక్తికి అడ్డుపడడానికి నేనెవరిని? మా ఇంట్లో ఒక్కపొద్దు అంటే కాళ్లకు దండం పెట్టేంత మర్యాద.

పరీక్షలకని నెలకు రెండుసార్లు కేంద్రానికి వచ్చేది. స్కూటరు మీద వచ్చేది. నాకు సైకిలు కూడా రాదని తెలిసి పడీపడీ నవ్వింది.

"ఒంట్లో నరాలకి మిషన్లు పెడతావు, స్కూటరు రాదా అక్కా? దా, ఎక్కు."

కేంద్రం వెనక సరుగుడు చెట్ల మధ్య ఇసుక దారి ఉంది. నేను ముందు, తను వెనక. "చేతులు బిగించమాక. అది గేదె కాదు, పారిపోదు. చూపు దూరంగా పెట్టక్కా, చక్రం కాడ చూస్తే చక్రం కాడే పడతావ్." మా ఊరి బస్సు కండక్టరు గొంతుతో స్టాపులు చదివేది, "చీరాల, చీరాల, పందిళ్లపల్లి, వేటపాలెం, అంకమ్మగారి అత్తారిల్లు!" అని. నవ్వు ఆపుకోలేక నేను బండి ఆపేసేదాన్ని.

కార్తీకానికి ముందు వచ్చినప్పుడు అలా ఆపిన చోటే, ఇసుకలో కూర్చుని చెప్పింది.

"నాకు ఆకలి ఇనపడదని మీకెవరు చెప్పారక్కా?"

నేను బండికి స్టాండు వేసి పక్కన కూర్చున్నాను.

"మూడేళ్ల నించీ నాకు ఇనపడేది అదొక్కటే. క్లాసులో అదే, నిద్రలో అదే. అది అరిచినప్పుడల్లా లోపల ఇంకోటి లేచి తిడతది. తింటే చచ్చిందానివి, తింటే ఎందుకూ పనికిరావు అని. నాకు భయమేసి తిననక్కా, ఆకల్లేక కాదు. మీరేమో మిషను పెట్టి ఆ అరుపుని పెంచారు. అదెంత పెద్దగా అరిస్తే ఇదంత పెద్దగా తిడతది. మీట నొక్కితే రెండూ ఊరుకుంటయ్. మూడేళ్లలో మొదటిసారి చెవులకి తెరిపి."

ఆకుపచ్చ గీత నాకు గుర్తొచ్చింది. పై అంచును తాకుతున్న గీత. నేను సరిచేసిన సున్నా.

"మరి ఏం చెయ్యాలి హైమా?"

"రాసుకుంటావా? నువ్వు రాసుకునే రకంగా!" అని నవ్వి, వేళ్లు మడిచింది. "ఒకటి, ఆ తూకం మిషను తెరెనక్కి జరపండి, అంకె నాకూ చెప్పొద్దు, ఊరికీ చెప్పొద్దు. రెండు, తినేటప్పుడు చుట్టూ నిలబడొద్దు. ఒక్కరు కూర్చోండి చాలు, తిండి ఊసెత్తకుండా సినిమా కబుర్లేవో చెప్పండి. మూడు, ఆ తిట్టేదానితో ఎట్టా మాట్లాడాలో నేర్పే మనిషిని పెట్టండి. ఆ రూము మీద బోర్డుందిగా, మనిషి ఏడి?"

ఆ గది మీద బోర్డు నిజంగానే ఉంది. మనసు డాక్టరు పోస్టు అది. పిలుపు వచ్చాక ఇంకెందుకని ఖాళీగా ఉంచారు. అందులో మా పాత కుర్చీలు పెట్టుకున్నాం.

మూడూ రాసుకున్నాను. అదేరోజు సుగుణ మేడమ్‌కి చెప్పాను. "ఆ పిల్ల చెప్పేది నిజమైతే మన పని మొత్తం తప్పు అంకమ్మా," అంది. "సార్‌తో మాట్లాడతాను. కాస్త ఆగు." వారం ఆగి మళ్లీ అడిగితే, ప్రయోగం గడువు సంక్రాంతితో అయిపోతుంది, ఆ తర్వాత చూద్దామన్నారని చెప్పింది. మధ్యలో ఏదీ మార్చకూడదట, మారిస్తే లెక్కలు పాడవుతాయట.

నేను ఇంకో మాట కూడా చెప్పి ఉండాల్సింది. ఆ పిల్ల ఒక్కపొద్దులు దేవుడి కోసం కాదని. చెప్పలేదు. చెబితే మీట తీసేస్తారు, మళ్లీ ఆ అరుపు మొదలవుతుంది. నాకు మూడు రోజులకే కళ్లనీళ్లు వచ్చాయి కదా. జాలిపడ్డాను. మీట నాది కాబట్టి కొంచెం గర్వం కూడా ఉండి ఉంటుంది.

కార్తీకమాసమంతా నక్తం ఉంటానని హైమవతి అడిగింది. పగలంతా ఉపవాసం, సాయంత్రం ఆకాశంలో చుక్క చూశాకే భోజనం. నాగరత్నం గారు మురిసిపోతూ నాకు ఫోన్ చేశారు. "నెలంతా చెయ్యటం మా అత్తగారి వల్లే కాలేదమ్మా అంకమ్మా! సాయంత్రం తింటది కదా, దగ్గరుండి నేనే పెడతా." ముప్పై రోజులకు ముప్పై సంతకాలు, ఏరోజుది ఆరోజే. మొదటి పది రోజులూ చుక్క పొడిచేది, ఆ పిల్ల ఎంతో కొంత తినేది.

పదకొండో రోజున బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది.

మా తీరంలో కార్తీకానికి అది కొత్త కాదు. నాలుగు రోజులు మబ్బు విడవలేదు. మబ్బు పడితే పొద్దు చూసుకుని తినేస్తారు అందరూ, మా అమ్మతో సహా. హైమవతి ఒప్పుకోలేదు. చుక్క కనపడలేదంది. మొదటిరోజు వాళ్లమ్మ బతిమాలింది. రెండోరోజు వాళ్ల నాయనమ్మ, పిల్ల నిష్ఠకి అడ్డంపడమాకండి, ఏ జన్మ పుణ్యమో అంది. మూడోరోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చూడడానికి వచ్చి, పసుపు రాసి పాదాలు తాకి వెళ్లారట.

నాకు తెలియదా? కేంద్రం కిటికీలోంచి అదే మబ్బు కనపడుతోంది. జనరేటరులో డీజిలు చూసుకోవాలని రాసుకున్నాను. ఆకాశానికీ ఆ పిల్ల కంచానికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. బుధవారం పొద్దున తొమ్మిదింటికి తెర మీద పేరు వచ్చింది, పక్కన వాళ్లమ్మ ఆమోదం. నొక్కాను.

ఆ సాయంత్రం హైమవతి తులసికోట దగ్గర ఉసిరికాయ దీపం వెలిగించి, గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. నాగరత్నం గారు వంటింట్లోంచి చూసి, జపం చేసుకుంటోందనుకున్నారు. పిల్లలను అరవవద్దన్నారు. టీవీ ఆపించారు. ఎదురింటావిడ ప్రసాదం తెస్తే గుమ్మంలోనే ఆపి, నోటి మీద వేలు పెట్టి చూపించారు. గంటసేపు ఆ ఇల్లు ఆ పిల్ల కోసం నిశ్శబ్దంగా ఉంది. చేతికి ఉన్న పట్టీ కూడా.

దీపం కొండెక్కినా లేవకపోతే, అప్పుడు వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు.

పట్టీ తెప్పించి చూస్తే అంతా అందులో ఉంది. గుండె లయ తప్పడం, గంట మోగాల్సిన నిమిషం, మీట వల్ల మోగకుండా ఆగిన గుర్తు. ఒకసారి కాదు, పదిహేడుసార్లు మోగబోయింది.

పదకొండోరోజు కర్మ అయ్యాక నాగరత్నం గారు కేంద్రానికి వచ్చారు. గొడవ చేస్తారని సుదర్శనం గారు వాచ్‌మన్‌ని పిలిచి ఉంచారు. ఆమె నా బల్ల ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగారు.

"పద్నాలుగు రోజులూ నేను సంతకం పెట్టా. నువ్వూ పెట్టావుగా అమ్మా?"

"పెట్టానండీ."

"నేను చదువుకోలా. దేవుడి మీటే అనుకున్నా. నువ్వేమనుకున్నావు?"

నా ఇరవై ఆరేళ్లలో ఏ పరీక్షలోనూ నేను ఖాళీ వదలలేదు. ఆ ప్రశ్నకు వదిలాను.

రిపోర్టులో "మతపరమైన ఉపవాసం కారణంగా మరణం, పరికరానికి సంబంధం లేదు" అని వచ్చింది. సుగుణ మేడమ్ దాని మీద సంతకం పెట్టలేదు, ఉద్యోగం మానేసింది. ఆమె బదులు ఇంకొకరు పెట్టారు. ఆకుపచ్చ గీత సంగతి, సున్నా సంగతి, ఆ పిల్ల అడిగిన మూడు సంగతులు నాలుగు పేజీల్లో రాసి ఇచ్చాను. సుదర్శనం గారు ఓపిగ్గా చదివారు. "నీ బాధ అర్థమవుతుందమ్మా," అని సొరుగులో పెట్టారు.

పిలుపు బయటకు రానేలేదు. ప్రయోగంలో ఉన్న పదకొండు మందిలో ఎక్కువమంది భరించలేక తీయించుకున్నారు. బయటకు వచ్చింది మీట. ఆకలిని ఊరుకోబెట్టే పరికరం అంటే ఎంతమందికి కావాలో మాకప్పుడు తెలిసింది. కొనుక్కునే వాళ్లలో ఉపవాసాల వాళ్లు తక్కువ. పెళ్లికి ముందు సన్నబడాలనే ఆడపిల్లలు, కాలేజీ పిల్లలు ఎక్కువ. దానికి వేరే పేరు పెట్టి, అందమైన పెట్టెలో అమ్ముతున్నారు. పెట్టె మీద నవ్వుతున్న అమ్మాయి ఉంటుంది. దాని పేటెంటులో కనిపెట్టినవాళ్ల పేర్లలో నా పేరు రెండోది. ఆ ధ్రువపత్రం నాన్న మగ్గం పైన మేకు కొట్టి తగిలించాడు. తీసెయ్యమంటే, "ఎందుకమ్మా, నీ కష్టమేగా," అంటాడు.

మొన్న శనివారం అమ్మ పక్కన కూర్చుని కండెలు అందిస్తూ అడిగాను, ఒక్కపొద్దు రోజు నీకు ఆకలి అవదా అని.

"ఎందుకవదే? అవుద్ది. సాయంత్రం ఎప్పుడవుద్దా, ఎప్పుడు తిందామా అనే ఉంటది," అంది. "తినటం ఇష్టం లేనోళ్లకి ఒక్కపొద్దెందుకు?"

ఆ తేడా రాట్నం ముందు కూర్చున్న మా అమ్మకు తెలుసు. ఒక్కసారి ముందుగా అడిగి ఉంటే చెప్పేది. నేను అడగలేదు, ఎందుకంటే చదువుకున్నదాన్ని నేను.

కేంద్రంలో తూకం మిషను ఇప్పటికీ వరండాలోనే ఉంది. మనసు డాక్టరు గదిలో ఇప్పుడు కుర్చీలతోపాటు ఆ కొత్త పెట్టెలు కూడా పేర్చారు. నా పనుల పుస్తకంలో ఆరో పని, సుగుణ మేడమ్ పేరు లేకుండా ఆ మూడు సంగతులుగా, పేజీ పేజీకీ మారుతూ వస్తోంది. కొత్త పుస్తకం కొన్నాను, అందులోనూ మొదటి పేజీలో అదే రాశాను. అది నా ఉద్యోగకాలంలో జరుగుతుందని నాకు నమ్మకం లేదు. ఏడో పని ఇంక ఎప్పటికీ అవదు. గేటు దాకా కాదు హైమా, ఇప్పుడు రోజూ వేటపాలెం నుంచి స్కూటరు మీదే వస్తున్నాను. చూపు దూరంగా పెడుతున్నాను.

ఇది చదివే మీరు నాకొక సాయం చేయాలి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక పిల్ల తినడం తగ్గించి, నాకు ఒక్కపొద్దు అంటే, ఆ భక్తికి మురిసిపోయే ముందు, చిక్కావనో ఒళ్లు చేశావనో అనే ముందు, ఒక్క నిమిషం ఆగండి. పక్కన కూర్చుని, తిండి ఊసెత్తకుండా, లోపల ఏం వినపడుతోందని అడగండి. అడిగేటప్పుడు హైమవతిని గుర్తుపెట్టుకోండి. ఆమె బరువు ఎంతో మీకు చెప్పలేదు, అది మీకు అక్కర్లేదు. సరుగుడు తోటలో స్కూటరు వెనక కూర్చుని, కండక్టరు గొంతుతో మా ఊరి స్టాపులు చదివే పిల్లగా గుర్తుపెట్టుకోండి.